కారు మీటర్‌లో లైటు వెలిగితే మెకానిక్ దగ్గరికి ఎప్పుడు పోవాలి: చిన్న కోడ్ రీడర్ వాడి చూశాక నా రివ్యూ

ఇంజన్ కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్‌లను ఫోన్‌లో చూపించే, వెయ్యి రూపాయల లోపు వచ్చే బ్లూటూత్ కోడ్ రీడర్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నా జవాబు ముందే చెప్తున్నా: కొనండి. వారంటీ అయిపోయిన కారు ఉండి, మీటర్‌లో పసుపు లైటు వెలగగానే ఎవరిని అడగాలో తెలియక టెన్షన్ పడేవాళ్లకు, సర్వీస్ కౌంటర్ దగ్గర "సెన్సార్ పోయింది సార్, మార్చాలి" అంటే తిరిగి ఏం అడగాలో తెలియనివాళ్లకు ఇది చాలా పనికొస్తుంది. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే, ఇంజన్‌ను నిమిషాల్లో పాడుచేసే ఎర్ర లైట్ల గురించి ఇది దాదాపు ఏమీ చెప్పలేదు, ఆ సంగతి డబ్బా మీద రాయరు, అమ్మేవాళ్లూ చెప్పరు. అందుకే ఈ రివ్యూలో వస్తువు గురించి కొంచెమే రాస్తాను. ఏ లైటుకు ఫోన్ తీయాలి, ఏ లైటుకు వెంటనే బండి పక్కకు ఆపాలి అన్నదే ఎక్కువ రాస్తాను.

ముందు వస్తువు. గుప్పిట్లో పట్టేంత డబ్బా, పైన ఈఎల్ఎం327 అని రాసి ఉంటుంది. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, చాలా బండ్లలో ఫ్యూజ్ బాక్స్ పక్కనే కనిపిస్తుంది, కొన్నింటికి చిన్న మూత తీయాలి. అందులో ఇది గుచ్చి, తాళం ఆన్ చేసి, ఫోన్‌లో బ్లూటూత్ కలిపి (పిన్ అడిగితే 1234 లేదా 0000), కార్ స్కానర్ లాంటి యాప్ ఒకటి తెరిస్తే ఇంజన్ కంప్యూటర్ తన దగ్గర రాసి పెట్టుకున్న తప్పుల కోడ్‌లు కనిపిస్తాయి. మెకానిక్ షెడ్డులో పెద్ద స్కానర్ పెట్టి చూసేదీ ఈ సాకెట్ నుంచే. మన దేశంలో బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే బండి తన తప్పులను తానే కనిపెట్టి కోడ్‌లుగా రాసుకునే ఏర్పాటు, తప్పనిసరి చేశారు, దేశమంతా బీఎస్-4 అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో, కాబట్టి 2017 తర్వాత కొన్న బండి అయితే ఢోకా లేదు. అంతకు ముందు బండి అయితే కొన్ని పలుకుతాయి, కొన్ని పలకవు, కొనే ముందు ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చి ఒకసారి పెట్టి చూసుకోండి.

ఇప్పుడు లైట్ల సంగతి. రంగు చూడటం అందరికీ తెలిసిందే, ఎరుపు అంటే ఇప్పుడే, పసుపు అంటే తొందర్లో, పచ్చ నీలం అంటే ఏదో ఆన్‌లో ఉందని చెప్పడం. కానీ ఎర్ర లైట్లన్నీ ఒకటే అనుకోవద్దు, వాటిలోనూ తేడాలున్నాయి, అక్కడే మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు.

అన్నిటికంటే ప్రమాదం ఆయిల్ క్యాన్ గుర్తు, ముక్కు చివర నుంచి చుక్క పడుతున్నట్టు ఉండే ఎర్ర లైటు. చాలామంది ఇది "ఆయిల్ తక్కువైంది, పోయించుకోవాలి" అని చెప్పే గుర్తు అనుకుంటారు. అది చెప్పేది ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. అంటే క్రాంక్ బేరింగుల మధ్యకు, పైన వాల్వుల దగ్గరికి ఆయిల్ సరిగా అందట్లేదు, ఇనుము ఇనుమును రుద్దుకుంటోంది. హైదరాబాద్ నుంచి వస్తుంటే జనగామ దాటాక ఈ లైటు వెలిగిందనుకోండి, "స్టేషన్ ఘన్‌పూర్ దాకా మెల్లగ పోదాం, అక్కడ మెకానిక్ ఉంటడు" అనిపిస్తుంది. పోవద్దు. మెల్లగా పోయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది కదా. పక్కకు తీసి ఇంజన్ బంద్ చేసి, సమంగా ఉన్న చోట కొద్దిసేపు ఆగి, ఆయిల్ గేజ్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) లాగి చూడండి. ఆయిల్ కింది గీత కంటే తక్కువ ఉంటే సరైన గ్రేడ్ ఆయిల్ పోసి, స్టార్ట్ చేయగానే లైటు ఆరిపోతే దగ్గర్లోని మెకానిక్ దాకా పోవచ్చు, ఆయిల్ ఎటు పోయిందో మాత్రం ఆ రోజే చూపించాలి. గేజ్ మీద ఆయిల్ సరిగ్గానే ఉండి లైటు వెలుగుతుంటే స్టార్ట్ కూడా చేయొద్దు, టోయింగ్ పిలవాల్సిందే. ఒక్కోసారి ఒత్తిడి స్విచ్ ఒక్కటే పాడై ఉట్టిగానే లైటు వెలుగుతుంది, నిజమే, కానీ అది మెకానిక్ ప్రెషర్ గేజ్ పెట్టి తేల్చాలి, రోడ్డు మీద మనం అనుకుంటే సరిపోదు. చాలా బండ్లలో ఈ లైటు ఉట్టి స్విచ్ మీద నడుస్తుంది, ఇంజన్ కంప్యూటర్‌లో కోడ్ కూడా పడదు. యాప్ తెరిస్తే "తప్పులు ఏమీ లేవు" అని చూపిస్తుంది. ఆ మాట నమ్మి బండి నడిపితే ఇంజన్ పోతుంది. ఈ ఒక్క విషయం ప్రతి ఓబీడీ డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయాలి అని నేను గట్టిగా అనుకుంటున్నా.

టెంపరేచర్ లైటు రెండోది. ఏప్రిల్, మే ఎండల్లో కరీంనగర్ రోడ్డు మీద బోనెట్ తెరిచి ఆపిన బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. ముల్లు ఎక్కుతున్నట్టు అనిపించగానే ఏసీ ఆపి, వేడి గాలి ఫుల్లుగా పెట్టి, సురక్షితమైన చోటు చూసి ఆపండి. ఎండాకాలంలో వేడి గాలి ఏందని ఇంట్లోవాళ్లు అరుస్తారు, కానీ ఇంజన్ వేడిని కొంత బయటికి లాగేది అదే. ఎర్ర లైటు వచ్చేసిందంటే ఇక ఇంజన్ ఆపడమే. రేడియేటర్ మూతను కనీసం అరగంట దాకా ముట్టొద్దు, లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఇక్కడ కోడ్ రీడర్ కొంత పనికొస్తుంది, కూలెంట్ టెంపరేచర్ ఎన్ని డిగ్రీలో యాప్‌లో కనిపిస్తుంది. మామూలుగా 85 నుంచి 105 మధ్యలో ఆడుతుంది. చాలా కొత్త బండ్లలో ముల్లే తీసేశారు, ఇంజన్ చల్లగా ఉంటే నీలం లైటు, వేడెక్కితే ఎర్ర లైటు, ఈ రెండే ఉన్నాయి, అలాంటి బండి ఉన్నవాళ్లు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో ఫుల్ లోడ్‌తో పోయేటప్పుడో ఈ నంబర్ పక్కవాళ్లను చూడమంటే ముందే తెలుస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. పైపు పగిలి కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్ నీళ్లలో కాకుండా ఖాళీలో ఉండిపోతుంది, అప్పుడు అది తక్కువ టెంపరేచర్ చూపించవచ్చు. మీటర్‌లో ఎర్ర లైటు ఉండి యాప్‌లో 90 అని ఉంటే యాప్‌ను నమ్మొద్దు. బోనెట్ కింద నుంచి తియ్యటి వాసన, ఆవిరి వస్తుంటే ఏ నంబర్‌తోనూ పని లేదు.

బ్రేక్ గుర్తు, గుండ్రంలో ఆశ్చర్యార్థకం. ముందు హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందా చూసుకోండి. దిగినా వెలుగుతుంటే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గింది. ప్యాడ్‌లు అరిగేకొద్దీ ఆ మట్టం మెల్లగా తగ్గుతుంది కాబట్టి మలుపుల్లో, బ్రేక్ వేసినప్పుడు ఒక క్షణం వెలిగి ఆరడం ప్యాడ్‌లు అయిపోవచ్చాయనడానికి గుర్తు కావచ్చు, ఆ వారంలోనే చూపించండి. అదే పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే ఎక్కడో కారుతోంది, ఆ బండి కదపొద్దు. ఎర్ర బ్రేక్ లైటు, పసుపు ఏబీఎస్ లైటు రెండూ కలిసి వెలిగినా అంతే. ఏబీఎస్ ఒక్కటే అయితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, గట్టిగా తొక్కితే చక్రం జామ్ అయ్యి జారుతుంది అంతే, ముందు బండికి దూరం ఎక్కువ పెట్టుకుని నెమ్మదిగా మెకానిక్ దాకా పోవచ్చు. హైవే మీద ఆగిపోతే 1033కు ఫోన్ చేయండి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది, ఫాస్టాగ్ కట్టే ప్రతివాళ్లూ ఆ నంబర్ ఫోన్‌లో పెట్టుకోవాలి.

బ్యాటరీ లైటు దగ్గర మాత్రం ఈ చిన్న డబ్బా మంచి పని చేస్తుంది. ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలిగితే కొత్త బ్యాటరీ కొనమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నడుస్తున్న బండిలో ఆ లైటు చెప్పేది చార్జింగ్ కావట్లేదని, అంటే డైనమో అయినా, దాన్ని తిప్పే బెల్టు అయినా, మధ్యలో వైరు అయినా కావచ్చు. యాప్‌లో వోల్టేజ్ చూడండి, సాకెట్‌లో ఒక పిన్ నేరుగా బ్యాటరీకే ఉంటుంది కాబట్టి కోడ్ ఏదీ లేకపోయినా ఇది కనిపిస్తుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.4 నుంచి 12.7 దాకా చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటే ఉజ్జాయింపుగా 13.5 నుంచి 14.7 మధ్యలో ఉండాలి, కొత్త బండ్లలో డైనమోను కంప్యూటరే ఆడిస్తుంది కాబట్టి కొంచెం కింద పైన అవుతుంటుంది. నడుస్తున్నప్పుడే 12 కంటే కిందికి దిగి ఇంకా దిగుతూ ఉంటే ఉన్న కరెంటు అయిపోయేదాకే ప్రయాణం. మా బావ హైదరాబాద్ నుంచి వస్తుంటే కొమళ్ల టోల్ దగ్గర ఈ లైటు వెలిగి నాకు ఫోన్ చేశాడు, ఆయన దగ్గర కూడా ఇదే డబ్బా ఉంది కాబట్టి "బావా, ముందు వోల్టేజ్ ఎంతుందో చెప్పు, టెంపరేచర్ ముల్లు ఎక్కడుందో చూడు" అన్నా. వోల్టేజ్ దిగుతోంది, టెంపరేచర్ మామూలుగా ఉంది. ఈ రెండో ప్రశ్న ఎందుకంటే, చాలా బండ్లలో డైనమోను తిప్పే బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది, బెల్టు తెగిపోతే ఇంజన్ కూడా వేడెక్కుతుంది, అప్పుడు ఆపాల్సిందే. ఆయన ఏసీ, పాటలు అన్నీ బంద్ చేసి, పగలే కాబట్టి లైట్లు అవసరం లేక, మధ్యలో ఎక్కడా ఇంజన్ ఆపకుండా దగ్గర్లో ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి చేరాడు. డైనమోలో బ్రష్‌లు అరిగిపోయాయి, మార్చారు. బ్యాటరీ పాతదే ఇప్పటికీ నడుస్తోంది.

ఇక చెక్ ఇంజన్ లైటు, ఇంజన్ బొమ్మతో పసుపుగా వెలిగేది. దీనికోసమే అసలు ఈ డబ్బా కొనేది. ముందు ఒక్కటి చూడండి, అది నిలకడగా వెలుగుతోందా, కొట్టుకుంటోందా. కొట్టుకుంటుంటే, అంటే ఆరుతూ వెలుగుతుంటే, ఇంజన్‌లో ఒక సిలిండర్ సరిగా మండట్లేదు, మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని కాల్చేస్తోంది. బండి వణుకుతుంది, పికప్ పోతుంది. యాక్సిలరేటర్ తగ్గించండి, వీలైనంత తొందరగా ఆపండి. ప్లగ్గో, దానికి కరెంటు ఇచ్చే కాయిలో మార్చడం వేలల్లో పని, కన్వర్టర్ పోతే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఆపాక రీడర్ పెడితే పీ0301 నుంచి పీ0304 దాకా ఏదో ఒకటి కనిపిస్తుంది, చివరి అంకె సిలిండర్ నంబర్. పీ0300 అయితే ఒక్కటని కాకుండా పలు సిలిండర్లలో వస్తోందని. ఇక్కడ మంచి మెకానిక్‌ను గుర్తుపట్టే పద్ధతి ఒకటి ఉంది. పీ0303 వస్తే మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటో దానిది మూడుకు మార్చి మళ్లీ నడిపి చూస్తాడు. కోడ్ పీ0301కి మారితే కాయిలే పోయింది. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్ చూస్తాడు. రూపాయి సామాను కొనకుండానే తేలిపోతుంది. కోడ్ చూడగానే నాలుగు కాయిళ్లకు బిల్లు రాసేచోట మాత్రం బండి ఇచ్చే ముందు ఆలోచించండి.

నిలకడగా వెలిగితే అంత తొందర లేదు. ఆయిల్, టెంపరేచర్ బాగుండి, బండి వణకకుండా, పికప్ తగ్గకుండా, కొత్త వాసన, కొత్త శబ్దం లేకుండా నడుస్తుంటే ఇంటికి పోవచ్చు, రెండు మూడు రోజుల్లో చూపించుకోవచ్చు. మా బండికి ఇదే జరిగింది, నాకు ఈ డబ్బా విలువ తెలిసింది అప్పుడే. బండి కొన్ని రోజులు ఊళ్లో, వడ్ల బస్తాల పక్కనే షెడ్డులో ఉంది. తిరిగి హన్మకొండ వచ్చేటప్పుడు పసుపు లైటు. ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) పోయింది, సామాను హైదరాబాద్ నుంచి రావాలి, అడ్వాన్స్ కట్టమన్నారు. సెన్సార్ ధర వేలల్లో ఉంది. నేను కోడ్ ఏందని అడిగితే "సెన్సార్ కోడే సార్" అన్నారు తప్ప నంబర్ చెప్పలేదు. ఇంటికొచ్చి నా రీడర్ పెడితే పీ0135 అని చూపించింది. దాని అర్థం ఆక్సిజన్ సెన్సార్ లోపల ఉండే హీటర్ సర్క్యూట్‌లో తేడా. సర్క్యూట్ అంటే హీటర్ ఒక్కటే కాదు, దానికి పోయే వైరు, ఫ్యూజు, కనెక్టరు అన్నీ అందులోకే వస్తాయి. ఆ నంబర్ తీసుకుని ములుగు రోడ్డులో తెలిసిన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయా. ఫోన్‌లో కోడ్ చూపించగానే ఆయన, "తమ్మీ, సెన్సార్ జోలికి ఇప్పుడే పోకు. గిది సర్క్యూట్ల తేడా ఉందని చెప్తుంది గని సెన్సార్ ఖరాబైందని చెప్తలేదు, ముందుగాల వైరు చూద్దాం" అన్నాడు. మల్టీమీటర్ పెట్టి సెన్సార్ లోపలి హీటర్ బాగానే ఉందని నాకు చూపించాడు, తర్వాత వైరు వెంట చేయి పెట్టుకుంటూ పోతే ఇంజన్ వెనక వైపు ఎలుక కొరికిన చోటు దొరికింది. సోల్డర్ పెట్టి, స్లీవ్ తొడిగి, టేపు చుట్టి ఇచ్చాడు. తీసుకున్నది కూలి డబ్బులే. ఆ లైటు మళ్లీ రాలేదు.

ఈ ఎలుకల సంగతి మన వైపు చిన్నది కాదు. వడ్లు, మక్కలు, పత్తి నిల్వ ఉండే చోట, ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల గోదాముల దగ్గర, ఊళ్లల్లో కొట్టాల పక్కన బండి పెట్టేవాళ్లకు సగం పసుపు లైట్లు వీటి పుణ్యమే అని ఆ ఎలక్ట్రీషియన్ అన్నాడు. చెక్ ఇంజన్ లైటు రాగానే సెన్సార్ గురించి ఆలోచించే ముందు బోనెట్ ఎత్తి, లోపల గడ్డి పోచలు, వడ్ల పొట్టు, ఎలుక పెంటికలు ఏమైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి. దుమ్ము కూడా అంతే. మేడారం పోయొచ్చాక, కోతల టైంలో మట్టి రోడ్ల మీద తిరిగాక ఎయిర్ ఫిల్టర్ తీసి చూడకుండా పికప్ లేదని సెన్సార్లు మార్చిన బండ్లు ఉన్నాయి.

డీజిల్ బీఎస్-6 బండ్లవాళ్లకు వేరే లైటు ఉంది, డీపీఎఫ్. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ అది. మసి నిండాక దాన్ని 600 డిగ్రీల దాకా వేడి చేసి కాల్చి శుభ్రం చేసుకుంటుంది, దానికి బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. కాజీపేట నుంచి సుబేదారి దాకా పిల్లలను స్కూల్లో దించి రావడం, సాయంత్రం చౌరస్తా దాకా పోయి రావడం, ఇంతే తిరిగే డీజిల్ బండికి ఆ అవకాశం దొరకదు, మసి పేరుకుంటూ పోతుంది. మాకు తెలిసిన ఒకాయన బండికి ఈ పసుపు లైటు వస్తే రీడర్‌లో పీ2463 వచ్చింది, మసి ఎక్కువైందని దాని అర్థం. లైటు ఒక్కటే ఉండి బండి మామూలుగా లాగుతుంటే, బండి పుస్తకంలో రాసినట్టు హైవే మీద ఒకే తీరుగా నడిపితే సరిపోతుంది. ఆయన ఘన్‌పూర్ దాకా పోయి వచ్చేసరికి లైటు ఆరిపోయింది. కానీ డీపీఎఫ్‌తో పాటు చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగి, బండి స్పీడు పెరగకుండా మొరాయిస్తుంటే ఇక హైవే తిప్పడంతో పని కాదు, సర్వీస్ సెంటర్‌లో వాళ్ల మెషిన్ పెట్టి కాల్పించాల్సిందే. అప్పుడు ఆయిల్ గేజ్ కూడా చూడండి, ఆ శుభ్రం చేసుకోవడం మధ్యలో ఆగిపోతుంటే డీజిల్ పోయి ఇంజన్ ఆయిల్‌లో కలిసి మట్టం పై గీత దాటి పెరుగుతుంది. ఆయిల్ పెరిగింది కదా మంచిదే అనుకోవద్దు, అది పలచబడిపోయిన ఆయిల్. కొంతమంది డీపీఎఫ్ తీసేయిస్తామని చెప్తారు, దాని జోలికి పోవద్దు, పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం, పైగా తర్వాత వచ్చే ప్రతి సమస్యకూ అదే కారణం అంటారు.

ఈ చౌక రీడర్ చాలాసార్లు చదవలేని లైట్లు ఇంకా ఉన్నాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, చాలా బండ్లలో పవర్ స్టీరింగ్ కూడా. యాప్‌లో వెతికితే ఎక్కువగా ఇంజన్ కోడ్‌లే వస్తాయి. పీ అంటే ఇంజన్, గేర్‌బాక్స్, సీ అంటే చాసిస్, బీ అంటే బాడీ, యూ అంటే కంప్యూటర్ల మధ్య మాటలు కలవకపోవడం. మనకు దొరికేది ఎక్కువగా ఆ మొదటి రకమే. ఎయిర్‌బ్యాగ్ లైటు అయితే మాత్రం నా మాట వినండి, సొంతంగా ముట్టొద్దు. సీట్లు తీసి కడిగించాక చాలాసార్లు వస్తుంది, సీటు కింద పసుపు రంగు కనెక్టర్ వదులవుతుంది. చూస్తే నొక్కితే అయిపోయేలా కనిపిస్తుంది, కానీ ఆ వైరులో ఉన్నది పేలే సామాను, బ్యాటరీ తీసి చేయాల్సిన పని, అది తెలిసినవాళ్లకే వదిలేయండి. అలాగని నెలల తరబడి వదిలేయొద్దు, ఆ లైటు వెలుగుతున్నంత కాలం గుద్దుకుంటే బ్యాగు తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు.

నీళ్లు ఎక్కిన బండి గురించి కూడా చెప్పాలి, 2023 జూలై వరదల్లో హన్మకొండ కాలనీల్లో బండ్లు మునగడం మనం చూశాం. నీళ్లు సీట్ల దాకా వచ్చిన బండిలో ఏ లైటు వెలుగుతుందో చూద్దామని తాళం తిప్పొద్దు. సిలిండర్లలోకి నీళ్లు పోయి ఉంటే సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇన్సూరెన్స్‌వాళ్లు దాన్ని మీ తప్పు కింద రాసే అవకాశం ఉంది. బ్యాటరీ టెర్మినల్ తీయించి, ఫోటోలు తీసుకుని, టోయింగ్‌లో పంపించాలి. రీడర్ పెట్టే ఆలోచన కూడా వద్దు, ఆ సాకెట్ ఉండేదే కింద.

కోడ్ చెరిపే బటన్ గురించి. ప్రతి యాప్‌లో ఉంటుంది, నొక్కితే లైటు ఆరిపోతుంది, చాలామందికి అదే రిపేరు అనిపిస్తుంది. కోడ్ వచ్చిన క్షణంలో ఇంజన్ స్పీడు ఎంత, టెంపరేచర్ ఎంత, లోడ్ ఎంత అని కంప్యూటర్ ఒక పేజీ రాసి పెట్టుకుంటుంది, యాప్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది. మంచి మెకానిక్‌కు కోడ్ కంటే అది విలువైనది, చల్లటి ఇంజన్‌లో వచ్చిందా, ఎక్కుతున్నప్పుడు వచ్చిందా తెలుస్తుంది. చెరిపితే అది కూడా పోతుంది. కాబట్టి ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, మెకానిక్ చూసేదాకా చెరపొద్దు. రిపేరు అయ్యాక ఆయన ముందే చెరిపి, కొన్ని రోజులు నడిపి, పెండింగ్ కోడ్‌లలో మళ్లీ కనిపిస్తోందా చూడండి. లైటు వెలగకముందే పెండింగ్‌లో కనిపిస్తుంది కాబట్టి పని సరిగా జరిగిందో లేదో ముందే తెలుస్తుంది. డబ్బులు కట్టి వచ్చాక మనకు ఈ ఒక్క ఆధారమైనా ఉండటం నాకు చాలా నచ్చింది.

మెకానిక్ దగ్గర కోడ్ చెప్పే తీరు కూడా ముఖ్యం. "ఈ సెన్సార్ మార్చు" అని మనమే చెప్పొద్దు, చెప్తే మార్చేస్తాడు, లైటు మళ్లీ వస్తే "మీరే కదా సార్ మార్చమన్నది" అంటాడు, అందులో ఆయన తప్పేం లేదు. ఎప్పుడు వెలిగింది, ఎండలోనా పొద్దునా, ఎంత స్పీడులో, పెట్రోల్ కొత్తగా ఎక్కడ పోయించాం, ఇవి చెప్పి కోడ్ చూపించి, "అన్నా, ఎందుకొస్తుందో చూడు" అని వదిలేయాలి. పీ0171 వచ్చిందనుకోండి, పెట్రోల్‌కు గాలి ఎక్కువైందని. గాలి పైపు పగిలినా, గాలి కొలిచే సెన్సార్ మురికి పట్టినా, పెట్రోల్ పంపు బలం తగ్గినా అదే కోడ్. పీ0420 వస్తే కన్వర్టర్ పోయిందని అంటారు, నిజంగానే పోయి ఉండొచ్చు, సైలెన్సర్ జాయింట్ దగ్గర గాలి లీకు అయినా, వెనక ఆక్సిజన్ సెన్సార్ తప్పు చెప్పినా అదే వస్తుంది. అందుకే ఖరీదైన సామాను మార్చే ముందు "ఇదే అని ఎట్ల తెలిసింది" అని మర్యాదగా అడగడం మన హక్కు. మంచి పనోడు ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు, చూపిస్తాడు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకైతే ఈ రీడర్ ఒక్కసారికే డబ్బులు తీర్చేస్తుంది. తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకముందు మీటర్‌లో హెచ్చరిక లైట్లన్నీ ఒక్కసారి వెలగాలి. చెక్ ఇంజన్ లైటో ఎయిర్‌బ్యాగ్ లైటో అసలే వెలగకపోతే ఎవరో దాన్ని తీసేశారని అనుమానించండి. తర్వాత రీడర్ పెట్టి రెడీనెస్ అనే పేజీ చూడండి. కోడ్‌లు చెరిపిన ప్రతిసారీ కంప్యూటర్ తన పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి, అవి పూర్తి కావడానికి బండి కొన్ని రోజులు రకరకాలుగా నడవాలి. కోడ్ ఒక్కటీ లేకుండా, పరీక్షలన్నీ "పూర్తి కాలేదు" అని ఉంటే కోడ్‌లు ఈ మధ్యే చెరిపారని అర్థం, బ్యాటరీ తీసినా అలాగే కనిపించవచ్చు కాబట్టి అడగండి. జవాబు నచ్చకపోతే వారం తర్వాత వచ్చి మళ్లీ చూస్తానని చెప్పండి.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. ఈఎల్ఎం327 అన్నది ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే కెనడా కంపెనీ చేసిన చిప్, మొదటి వెర్షన్‌కు కాపీ చేయకుండా రక్షణ లేకపోవడంతో దాన్ని అందరూ కాపీ కొట్టారు, అసలు కంపెనీ 2022లో మూతపడింది. మార్కెట్‌లో చౌకగా దొరికేవి దాదాపు అన్నీ కాపీలే. 1.5 అని రాసినది మంచిదని ఆన్‌లైన్‌లో చాలామంది చెప్తారు, అసలు కంపెనీ 1.5 అనే వెర్షనే వదల్లేదు, కాబట్టి ఆ అంకె చూసి ఎక్కువ డబ్బులు పెట్టొద్దు. 2.1 అని ఉన్న కాపీల్లో కొన్ని కమాండ్లు ఉండవు, కొన్ని బండ్లతో కలవవు. వాపసు తీసుకునే వీలున్నచోట కొని, రాగానే మీ బండిలో పెట్టి, కలవకపోతే వెంటనే తిరిగి పంపండి. ఐఫోన్ ఉన్నవాళ్లు మామూలు బ్లూటూత్ రకం కొంటే పనిచేయదు, వైఫై రకం గానీ బ్లూటూత్ లో-ఎనర్జీ (బీఎల్ఈ) రకం గానీ చూసి తీసుకోండి. పని అయ్యాక సాకెట్ నుంచి తీసేయండి, బండి ఆపి ఉన్నా దానికి కరెంటు వస్తూనే ఉంటుంది, రోజుల తరబడి నిలిపే బండిలో బ్యాటరీ దిగిపోతుంది, పైగా 1234 పిన్‌తో తెరుచుకునే డబ్బాను బండి కంప్యూటర్‌కు తగిలించి వదిలేయడం మంచిది కాదు. నడుపుతూ యాప్ చూడొద్దు, పక్కన కూర్చున్నవాళ్లకు ఫోన్ ఇవ్వండి. వారంటీలో ఉన్న బండి అయితే కోడ్ చదివి స్క్రీన్‌షాట్ తీసుకోవడం వరకే, చెరపకుండా అలాగే సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయి జాబ్ కార్డ్ మీద ఆ కోడ్ నంబర్ రాయించండి.